మిర్చి ధరల మోడల్‌ని క్లౌడ్‌లో పెట్టాలి: అకౌంట్ ఎలా తెరవాలి, బిల్లు పడకుండా ఏం చూసుకోవాలి?

పల్నాడు_పిల్ల:
అందరికీ నమస్కారం. నరసరావుపేటలో బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. గుంటూరు మిర్చి యార్డు ధరల మీద ప్రాజెక్టు. ఆగ్‌మార్క్‌నెట్ (మార్కెట్ ధరల ప్రభుత్వ సైటు) నుంచి తీసిన పాత ధరలు, సైకిట్‌లెర్న్‌లో (పైథాన్ మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ) ధరను అంచనా వేసే ఒక మోడల్, పైన స్ట్రీమ్‌లిట్ (పైథాన్ కోడ్‌ని వెబ్ పేజీగా చూపే టూల్) పేజీ. లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. వైవాకి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తన ఫోన్‌లోనే లింక్ తెరిచి చూసేలా ఉండాలి. క్లౌడ్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే కంప్యూటర్లు) అకౌంట్ తెరుద్దామంటే కార్డు అడుగుతోంది. ఉన్నది నాన్నగారి డెబిట్ కార్డు ఒక్కటే. ఎవరికో వేలల్లో బిల్లు వచ్చిందని విని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కొండాపూర్_కోడర్:
చెల్లీ, ముందు కార్డు అక్కర్లేని దారులు చూడు. స్ట్రీమ్‌లిట్ వాళ్ల కమ్యూనిటీ క్లౌడ్‌కి నీ గిట్‌హబ్ రెపో (ఆన్‌లైన్‌లో నీ కోడ్ ఉంచిన ఫోల్డర్) చూపిస్తే చాలు, లింక్ ఇచ్చేస్తుంది. కొన్ని గంటలపాటు ఎవరూ తెరవకపోతే యాప్ నిద్రపోతుంది కాబట్టి వైవాకి ముందు ఒకసారి తెరిచి లేపి పెట్టుకో. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో విద్యార్థుల అకౌంట్ కూడా ఉంది. కాలేజీ మెయిల్‌తో తెరవొచ్చు, కార్డు అడగరు, 100 డాలర్ల క్రెడిట్ (ఉచితంగా వాడుకునే మొత్తం) ఇస్తారు.

భీమిలి_బ్యాకెండ్:
డెమో వరకు అది చాలు. కానీ ఉద్యోగాలకి వెళ్లేటప్పుడు అసలు క్లౌడ్ మీద చెయ్యి పడి ఉండాలి కదమ్మా. ఇప్పుడు తెరిస్తే భయపడాల్సినంత లేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో 2025 జూలై 15 నుంచి పద్ధతి మారింది. కొత్త అకౌంట్‌కి 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది, వాళ్లు చెప్పిన చిన్న చిన్న పనులు చేస్తే ఇంకో 100 దాకా ఇస్తారు. తెరిచేటప్పుడు ఫ్రీ ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు లేదా క్రెడిట్ అయిపోయేదాకా, ఏది ముందైతే అంతవరకు. నువ్వు పెయిడ్ ప్లాన్‌కి మారితే తప్ప డబ్బు తీసుకోరు. ఈ ముక్క నాన్నగారికి చదివి వినిపించు. గూగుల్ క్లౌడ్‌లో 90 రోజులకి 300 డాలర్లు. అక్కడ కూడా నువ్వే అప్‌గ్రేడ్ నొక్కితే తప్ప బిల్లు మొదలవదు.

కార్డు సంగతి. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నియమం వల్ల కొత్త కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ వాడకం మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటాయి. నా కార్డు ఒక చోట పదే పదే తిరస్కరించారు. బ్యాంకు యాప్‌లో ఆ రెండూ ఆన్ చేశాక వెంటనే తీసుకుంది. అమెజాన్ వాళ్లు సరిచూడ్డానికి 2 రూపాయలు పట్టుకుని తిరిగి ఇస్తారు, దానికి కంగారు పడొద్దు.

వరంగల్_ఎంఎల్:
క్రెడిట్ల గురించి అన్న చెప్పింది నిజమే. ఎప్పుడో ఒకప్పుడు పెయిడ్‌కి మారతాం కాబట్టి నేను అలవాట్ల గురించి చెప్తాను. నా దృష్టిలో అకౌంట్ తెరిచిన మొదటి గంట ఒక్క లైను కోడ్ కూడా పెట్టకూడదు.

అమెజాన్‌లో మొదట మెయిల్‌తో తెరిచిన రూట్ లాగిన్‌కి (అన్ని అధికారాలూ ఉన్నది) ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగే రక్షణ) పెట్టాలి, ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ ఉంటే సరిపోతుంది. తర్వాత రోజువారీ పనికి ఇంకో యూజర్‌ని తయారు చేసుకుని రూట్‌ని పక్కన పెట్టేయాలి. యాక్సెస్ కీని (కోడ్ నుంచి అకౌంట్ వాడే రహస్య తాళం) కోడ్ నోట్‌బుక్ ఫైల్లో రాసి గిట్‌హబ్‌కి తోయడం అన్నిటికంటే ప్రమాదం. పబ్లిక్ రెపోల్లో కీల కోసం రాత్రీ పగలూ వెతికే బాట్‌లు ఉన్నాయి, దొరికితే మీ అకౌంట్‌లో పెద్ద మెషిన్లు లేపి వాడుకుంటారు. కమిట్ (రెపోలో దాచిన మార్పు) చెరిపేసినా పాత చరిత్రలో కీ ఉండిపోతుంది. ఒకసారి బయటపడిందంటే ఆ కీని రద్దు చేయడం తప్ప మార్గం లేదు.

ఆ తర్వాత బడ్జెట్ అలర్ట్. 1 డాలర్‌కి ఒకటి, 5 డాలర్లకి ఒకటి పెట్టండి. ఇది చాలామందికి తెలియదు: అలర్ట్ మెయిల్ మాత్రమే పంపుతుంది, మెషిన్‌ని ఆపదు. పైగా ఖర్చు లెక్క కొన్ని గంటలు ఆలస్యంగా కనబడుతుంది.

డేటా సైన్స్ వాళ్లకి చిల్లు పడేది ఎక్కువగా సేజ్‌మేకర్ (మోడళ్లు తయారుచేసి నడిపే అమెజాన్ సర్వీసు) లాంటి చోట్ల. ఎండ్‌పాయింట్ (మోడల్‌ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచే మెషిన్) పెట్టి వదిలేస్తే ఒక్కరు కూడా వాడకపోయినా గంటల లెక్కన మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఆటో ఎక్కకపోయినా వెయిటింగ్ చార్జీ కట్టినట్టు. నోట్‌బుక్ మెషిన్ కూడా అంతే, బ్రౌజర్ ట్యాబ్ మూసేస్తే ఆగదు. ఈసీ2 (అమెజాన్ అద్దె కంప్యూటర్) మెషిన్‌ని స్టాప్ చేసినా డిస్క్‌కి డబ్బు పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి (ఇంటర్నెట్‌లో మెషిన్ చిరునామా) కూడా గంటకి 0.005 డాలర్లు, నెలంతా ఉంటే సుమారు 3.6 డాలర్లు.

రీజియన్ (మెషిన్లు ఉండే ప్రాంతం) కూడా చూసుకోండి. ముంబైలో మెషిన్ లేపి, తర్వాత కన్సోల్‌లో ఇంకో రీజియన్ తెరిస్తే ఆ మెషిన్ కనబడదు, బిల్లు మాత్రం వస్తుంది. మన హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చింది. దాన్ని విడిగా ఎనేబుల్ చేసుకోవాలి, సర్వీసులన్నీ అక్కడ దొరకవు. నేర్చుకునేవాళ్లకి ముంబై నయం.

ఖమ్మం_కుర్రాడు:
అన్నా, నాది ఇమేజ్ మోడల్. జీపీయూ (ఇలాంటి మోడళ్లకి వేగంగా లెక్కలు చేసే చిప్) మెషిన్ లేపుదామంటే కోటా (వాడుకోగల పరిమితి) సున్నా అంటోంది. అకౌంట్‌లో ఏదైనా తప్పా?

వరంగల్_ఎంఎల్:
తప్పేం లేదు తమ్ముడూ, కొత్త అకౌంట్లకి సాధారణంగా అలాగే ఉంటుంది. పెంచమని రిక్వెస్ట్ పెట్టాలి. అమెజాన్‌లో వీసీపీయూల (మెషిన్‌కి ఇచ్చే ప్రాసెసర్ వాటాలు) లెక్కన అడుగుతారు, టీ4 జీపీయూ ఉన్న చిన్న మెషిన్‌కి 4 కావాలి. ట్రైనింగ్ మాత్రం కాగుల్‌లోనో కొలాబ్‌లోనో (జీపీయూ ఉచితంగా ఇచ్చే సైట్లు) చేసుకుని, తయారైన మోడల్‌ని మామూలు సీపీయూ మీద నడుపు. కాలేజీ ప్రాజెక్టుకి అది చాలు.

డాలస్_తెలుగు:
మిర్చి ప్రాజెక్టుకైతే నేను గూగుల్ క్లౌడ్ రన్ (డాకర్ ప్యాకెట్‌గా కట్టిన యాప్‌ని నడిపే సర్వీసు) చెప్తాను. ఎవరూ రానప్పుడు మెషిన్ల సంఖ్య సున్నాకి దిగిపోతుంది, నెలకి 20 లక్షల రిక్వెస్టుల (యాప్‌ని అడిగిన సార్లు) దాకా వాటికి చార్జీ లేదు. అక్కడ అందరూ ఆగిపోయేది పోర్టు (యాప్ వినే ద్వారం నంబరు) దగ్గర. క్లౌడ్ రన్ మామూలుగా 8080 మీద ఎదురుచూస్తుంది, స్ట్రీమ్‌లిట్ 8501 మీద లేస్తుంది. పోర్టు మార్చి, అడ్రస్ 0.0.0.0 అని ఇవ్వాలి. ఇంకొకటి, స్ట్రీమ్‌లిట్ వెబ్‌సాకెట్ (పేజీకీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే లైను) వాడుతుంది. ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపూ అది ఒకే రిక్వెస్టు కింద లెక్క, మెషిన్ మేలుకునే ఉంటుంది. టైమౌట్ (ఒక రిక్వెస్టు నడవగల సమయం) డిఫాల్ట్‌గా 5 నిమిషాలు, 60 దాకా పెంచొచ్చు. వైవా మధ్యలో పేజీ తెగిపోకుండా ముందే పెంచుకోమ్మా.

ఎం1, ఎం2 మ్యాక్‌ల మీద డాకర్ ఇమేజ్ (యాప్‌ని కావలసినవాటితో కలిపి కట్టిన ప్యాకెట్) కట్టేవాళ్లు ప్లాట్‌ఫామ్ ఏఎండీ64 (ఇంటెల్ రకం ప్రాసెసర్) అని చెప్పి కట్టండి. లేకపోతే క్లౌడ్‌లో కంటైనర్ (నడుస్తున్న ఆ ప్యాకెట్) లేవదు.

కొండాపూర్_కోడర్:
రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో (కావలసిన లైబ్రరీల జాబితా) సైకిట్‌లెర్న్ వెర్షన్ అంకెతో సహా రాయండి. ఒక వెర్షన్‌లో పికిల్ చేసిన (ఫైలుగా దాచిన) మోడల్ ఇంకో వెర్షన్‌లో తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

పల్నాడు_పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్ అన్నయ్యలూ. ఈ వారం స్ట్రీమ్‌లిట్ క్లౌడ్‌లో పెట్టేస్తా, సెలవుల్లో క్లౌడ్ రన్ మీద చేస్తా. ఒక్క సందేహం. ప్రాజెక్టు అయిపోయాక అన్నీ ఒక్కొక్కటీ వెతికి తీసేయాలా?

డాలస్_తెలుగు:
గూగుల్‌లో అక్కర్లేదు. దీనికోసం గూగుల్ క్లౌడ్‌లో వేరే ప్రాజెక్టు (అన్నీ కలిపి ఉంచే ఫోల్డర్ లాంటిది) ఒకటి తెరిచి అన్నీ అందులోనే పెట్టు. చివర్లో ఆ ప్రాజెక్టునే డిలీట్ చేస్తే లోపలున్నవన్నీ ఆగిపోతాయి. 30 రోజుల్లోపు మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. డేటా, మోడల్ ఫైళ్లు మాత్రం ముందే లాప్‌టాప్‌లోకి దించుకో.