ఎస్టీమ్ ఇంటేక్ మానిఫోల్డ్, త్రాటిల్ బాడీ ఇంట్లోనే పోర్టింగ్ చేసుకుంటే లాభం ఉందా, డబ్బు దండగా?

గంటస్తంభం1298:
అందరికీ నమస్తే. నాది విజయనగరం, బండి 2003 మారుతి ఎస్టీమ్ కారు, ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టేది), 1298 సీసీ 16 వాల్వులది, నాన్న వాడి నాకిచ్చారు. ఇంజన్ బాగానే ఉంది, పొగ లేదు, ఆయిల్ తాగట్లేదు. ఇప్పుడు ఆలోచన ఏటంటే ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాల దిమ్మ) విప్పి లోపల పోత గరుకంతా తీసేసి, పోర్టులు (గాలి కన్నాలు) గాస్కెట్ (మధ్యలో వేసే సీలు) సైజుకి తెరిచి, పనిలో పనిగా త్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరిచే భాగం) బోరు కూడా ఒక రెండు ఎంఎం పెంచేద్దామని. డై గ్రైండర్ (చేత్తో పట్టుకుని లోహం గీకే మిషను) ఫ్రెండ్ దగ్గరుంది, పాత సామాన్ల కొట్టులో స్పేరు మానిఫోల్డ్, త్రాటిల్ బాడీ రెండూ కలిపి దొరికాయి కాబట్టి పాడైనా బండి ఆగిపోదు. వీడియోల్లో చూస్తే ఇరవై హార్స్ పవర్ దాకా పెరిగిందంటున్నారు, మా మేస్త్రీని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మీరేటంటారు?

నాగావళి_టర్బో:
చేసెయ్ తమ్ముడూ, అడగడం ఎందుకు. కంపెనీవాళ్ళు లక్షల్లో పోత పోస్తారు, ఒక్కోదాన్ని కూర్చుని సాపు చెయ్యరు కదా. లోపల వేలు పెట్టి చూడు, రెండు అచ్చులు కలిసినచోట గీత గోరుకి తగుల్తాది, హెడ్డు (సిలిండర్ల పైన వాల్వులుండే దిమ్మ) దగ్గర మానిఫోల్డ్ కన్నం ఒకచోట హెడ్డు కన్నం ఒకచోట ఉంటాది. నా మారుతి జెన్‌కి నేనే చేసుకున్నాను, శ్రీకాకుళం నుంచి వైజాగ్ హైవే మీద ఓవర్‌టేక్ కొట్టినప్పుడు తేడా కాలికి తెలుస్తాది. మేస్త్రీలు నవ్వుతారు, వాళ్ళకి పార్టు మార్చడమే తెలుసు.

పలాస_జీడిపప్పు:
ఇరవై హార్స్ పవరా? కంపెనీ ఇచ్చిందే 85. వీడియో తీసినోడు డై గ్రైండర్ పవర్ కూడా కలిపేసినట్టున్నాడు.

లేత్_మాస్టారు:
గంటస్తంభం బాబూ, మానిఫోల్డ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ త్రాటిల్ బాడీ పక్కన పెట్టు. నేను లేత్ మీద పని చేస్తాను, ఇలాంటివి పట్టుకుని వచ్చే కుర్రాళ్ళని చూస్తూనే ఉంటాను. బోరు పెంచడం కష్టం కాదు, ఫోర్ జా చక్‌లో పట్టి డయల్ పెట్టి సెంటర్ చూసుకుంటే అరపూట పని. అసలు తలనొప్పి బోరు లోపల గాలి దారి మూసే ప్లేటు. చూడ్డానికి గుండ్రంగా రూపాయి బిళ్ళలా ఉంటాది గానీ అది గుండ్రం కాదు, ఎందుకంటే మూసుకున్నప్పుడు అది బోరుకి అడ్డంగా నిటారుగా నిలబడదు, కొన్ని డిగ్రీలు వాలి బోరు గోడకి ఆనుతాది, అలా వాలి ఆనాలంటే ప్లేటు ఒకవైపు కొలత కాస్త ఎక్కువుండాలి, దాని అంచు కూడా అదే కోణంలో చెక్కి ఉండాలి. మరి బోరు రెండు ఎంఎం పెరిగితే కొత్త ప్లేటు ఎవరు చేస్తారు? ఇత్తడి రేకు గుండ్రంగా కోసి పెట్టేస్తే రెండు పక్కల సందు ఉండిపోద్ది, గాలి లాగేస్తాది, ఐడిల్ (కాలు పెట్టకపోయినా ఇంజన్ తిరిగే స్పీడు) పదిహేను వందల దగ్గర కూర్చుంటాది, ఐడిల్ వాల్వ్ పూర్తిగా మూసుకున్నా దిగదు. లేదంటే ప్లేటు గోడకి పట్టేస్తాది, కాలు తీసినా యాక్సిలరేటర్ వెనక్కి రాదు. రోడ్డు మీద అలా అయితే ఏమవుతాదో నేను చెప్పక్కర్లేదు.
ఇంకోటి. ప్లేటుని షాఫ్ట్‌కి బిగించే రెండు చిన్న స్క్రూలు ఉంటాయి చూడు, వాటి చివర్లు కంపెనీలోనే నలగ్గొట్టి ఉంచుతారు ఊడకుండా. నువ్వు విప్పాలంటే ఆ నలిగిన చివర రాసెయ్యాలి, మళ్ళీ బిగించాక త్రెడ్ లాక్ వేసి మళ్ళీ నలగ్గొట్టకపోతే వైబ్రేషన్‌కి ఒకరోజు ఊడి తిన్నగా సిలిండర్‌లోకే పోతాది. పిస్టన్ మీద ఆ స్క్రూ అచ్చు పడిన ఇంజన్ మా షెడ్డుకి వచ్చింది. మా దగ్గర చేసినది కాదులే.

నాగావళి_టర్బో:
మాస్టారూ మీరు భయపెడుతున్నారు. జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదు. పికప్ పెరిగిందా లేదా అన్నదే పాయింటు, నాకు పెరిగింది.

సప్లీ_మెకానికల్:
ఆ పికప్ ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్తాను అన్నా, కోపం తెచ్చుకోకు. బోరు పెద్దదయితే పెడల్ పావు వంతు తొక్కినా మునుపటికంటే ఎక్కువ గాలి వెళ్తాది, కాబట్టి కొంచెం తొక్కగానే బండి దూకినట్టుంటాది. పాత త్రాటిల్‌తో పెడల్ ఇంకొంచెం ఎక్కువ తొక్కితే అదే దూకుడు వచ్చేది. పవర్ పెరిగిందా అన్నది ఫుల్ తొక్కినప్పుడు చూడాలి.
ఇప్పుడు లెక్క. 1298 సీసీ ఫోర్ స్ట్రోక్, రెండు చుట్లకి ఒకసారి ఇంజన్ నిండుద్ది, 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 3900 లీటర్లు, అంటే సెకనుకి 65 లీటర్లు, అదీ సిలిండర్లు నూటికి నూరు నిండితే. త్రాటిల్ బోరు 40 ఎంఎం అనుకుందాం (సరైన కొలత వెర్నియర్ పెట్టి నువ్వే చూసుకో), ఏరియా 12.6 చదరపు సెంటీమీటర్లు, గాలి వేగం సెకనుకి దగ్గర దగ్గర 52 మీటర్లు. ఆ వేగానికి పోయే ప్రెషర్ మొత్తం నష్టం కిందే రాసుకున్నా 1.6 కిలోపాస్కల్. బయటి గాలి ప్రెషర్ మనకి 100 కిలోపాస్కల్ దగ్గర. అంటే నూటికి ఒకటిన్నర. షాఫ్ట్, ప్లేటు అడ్డం ఉన్నాయి కాబట్టి డబుల్ వేసుకో, మూడు. 42 ఎంఎం చేస్తే ఏరియా పది శాతం పెరుగుద్ది, ఆ నష్టంలో ఆరో వంతు తగ్గుద్ది. మొత్తం మీద నీకు మిగిలేది అర శాతం. 85 లో అర శాతం ఎంతో జీడిపప్పు గారు చెప్తారు.

పలాస_జీడిపప్పు:
అర హార్స్ కూడా రాలేదు. గుర్రం తోక అనుకోండి.

నాగావళి_టర్బో:
పేపర్ మీద లెక్కలు బాగానే ఉంటాయి. మరి రేసు బండ్లకి ఎందుకు చేస్తారు? వాళ్ళకి లెక్కలు రావా?

సప్లీ_మెకానికల్:
వస్తాయి కాబట్టే చేస్తారు అన్నా. వాళ్ళు క్యామ్ మార్చి, కంప్రెషన్ పెంచి, ఎనిమిది తొమ్మిది వేల ఆర్‌పీఎం తిప్పుతారు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూన్ చేస్తారు, హెడ్డు ఫ్లో బెంచ్ (గాలి ఎంత పోతుందో కొలిచే మిషను) మీద పెట్టి కొంచెం గీకి కొలిచి మళ్ళీ గీకుతారు. అక్కడ త్రాటిల్ నిజంగానే అడ్డం. మన బండికి అడ్డం ఎక్కడంటే వాల్వ్ దగ్గర, సీటు, దాని వెనకున్న గిన్నె, గాలి వంపు తిరిగే చోటు. అది అలాగే ఉంచి మానిఫోల్డ్ మొదట్లో వెడల్పు చెయ్యడమంటే లోపలి గది తలుపు ఇరుగ్గా ఉంచి వీధి గుమ్మం పెద్దది చేయించినట్టే.

అనంతగిరి_మలుపు:
మాది ఎస్.కోట. మీ అందరూ 6000 ఆర్‌పీఎం గురించి మాట్లాడుతున్నారు, బొడ్డవర దాటి అనంతగిరి ఘాటీ ఎక్కేటప్పుడు నలుగురు మనుషులు, ఏసీ, సెకండ్ గేర్, ఇంజన్ రెండు రెండున్నర వేలలో తిరుగుతా ఉంటాది, అక్కడ కావలసింది కింద లాగుడు. పోర్టు ఇష్టమొచ్చినట్టు పెద్దది చేస్తే తక్కువ ఆర్‌పీఎంలో గాలి స్పీడు పడిపోద్ది, సిలిండర్ సరిగా నిండదు, ప్రతి మలుపులో ఫస్ట్ వెయ్యాలి. మా వీధిలో ఒకాయన ఇలాగే చేయించుకుని ఇప్పుడు అరకు వెళ్ళాలంటే తమ్ముడి బండి అడుగుతాడు. విజయనగరం ఊళ్ళో ఆ ట్రాఫిక్‌లో 6000 ఎక్కడ తిప్పుతావు చెప్పు.

ఆర్సీ_బుక్కు:
ఎవరూ చట్టం మాట ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి మార్చకూడదు, 2019 సవరణతో 182ఏ కింద ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 ఫైను, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. పైగా 2003 బండి అంటే 20 ఏళ్ళు దాటింది, రెన్యువల్ ఫీజే ఇప్పుడు 10 వేలు.

లేత్_మాస్టారు:
సెక్షన్ 52 చెప్పేది ఆర్సీలో రాసిన వివరాలు మారకూడదని. పోర్టు లోపల గీకితే సీసీ మారదు, ఇంజన్ నంబర్ మారదు, ఫ్యూయల్ మారదు. దానికి జైలు దాకా వెళ్ళడం ఎందుకు. అసలు దొరికేది పొల్యూషన్ టెస్టులో, ఐడిల్ తేడా వచ్చి పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎక్కువ చూపిస్తే సర్టిఫికెట్ రాదు.

గంటస్తంభం1298:
సరే త్రాటిల్ బాడీ వదిలేస్తున్నాను అనుకోండి. మానిఫోల్డ్ మాత్రం గాస్కెట్‌కి మ్యాచ్ చేసి లోపల అద్దంలా పాలిష్ పెడితే నష్టం ఏటి?

లేత్_మాస్టారు:
గాస్కెట్‌కి మ్యాచ్ అనేదే తిరకాసు. గాస్కెట్ కన్నం చాలాసార్లు మానిఫోల్డ్ కంటే, హెడ్డు కంటే రెండిటికంటే పెద్దదే ఉంటాది, బిగింపులో అటూ ఇటూ జరిగినా అడ్డం రాకుండా అలా కోస్తారు. నువ్వు మానిఫోల్డ్‌ని గాస్కెట్ అంత తెరిచావంటే వచ్చే గాలి తిన్నగా హెడ్డు అంచుకి గుద్దుకుంటాది. అదే మానిఫోల్డ్ ఒక వెంట్రుకవాసి చిన్నగా ఉండి హెడ్డు పెద్దగా ఉంటే నష్టం చాలా తక్కువ. కాబట్టి గాస్కెట్‌ని కాదు, హెడ్డు పోర్టుని కొలత పట్టాలి. మార్కింగ్ బ్లూ పూసి, హెడ్డు పోర్టు అచ్చు కార్డు ముక్క మీద తీసి, బోల్టు కన్నాలు ఆధారంగా మానిఫోల్డ్ మొహం (హెడ్డుకి ఆనే చదును వైపు) మీద పెట్టి సూదితో గీసుకో. గీత లోపలికి పొడుచుకొచ్చిన పెదవి ఏదైనా ఉంటే అది తీసెయ్, గీత దాటొద్దు. తీసిన చోట నుంచి లోపలికి అంగుళం అంగుళంన్నర దాకా నెమ్మదిగా కలుపు, మొహం దగ్గర గొయ్యి తవ్వి ఆపెయ్యకు.
అల్యూమినియానికి పెద్ద పళ్ళ బర్రు (గ్రైండర్‌కి పెట్టే కోత ముక్క) వాడు, ఇనుముకి వాడే సన్నపళ్ళది పెడితే నిమిషంలో పళ్ళ మధ్య లోహం అతుక్కుని నున్నగా అయిపోద్ది, కోయదు, ఎగురుద్ది. బర్రుకి కొవ్వొత్తి మైనం రాస్తా ఉండు. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. మానిఫోల్డ్ లోంచి నీళ్ళ దారి వెళ్తుంటే ఆ పక్క గోడ మందం ఎంతో నీకు తెలీదు, అటు అస్సలు గీకొద్దు. అయిపోయాక సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి కడిగి ఎయిర్ కొట్టి ఎండబెట్టు, ఒక్క రజను మిగిలినా పోయేది సిలిండర్‌లోకే. బిగించే ముందు మొహం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజీతో చూడు, బోల్టులు మధ్య నుంచి బయటికి బిగించు. మొహం వంకర పోయిందంటే గాలి లాగి ఐడిల్ ఊగుతాది.

నాగావళి_టర్బో:
పాలిష్ సంగతి చెప్పలేదు మాస్టారూ. నేను ఎమరీ 1000 దాకా వెళ్ళాను, మొహం కనిపించేది.

సప్లీ_మెకానికల్:
మీది కార్బ్యురేటర్ జెన్ అయితే అదే దెబ్బ అన్నా. కార్బ్యురేటర్ బండిలో పెట్రోల్ గాలితో పాటు మానిఫోల్డ్ మొత్తం ప్రయాణం చేస్తాది, గోడ అద్దంలా ఉంటే తుంపర్లు గోడకి అంటుకుని ధారగా జారుతాయి, కాస్త గరుకుంటేనే మళ్ళీ గాలిలో కలుస్తాయి. అందుకే 80 నంబర్ ఫ్లాప్ వీల్‌తో ఆపేస్తారు. ఎంపీఎఫ్ఐలో ఇంజెక్టర్ వాల్వ్ దగ్గరే కొడతాది, మానిఫోల్డ్ పైభాగం అంతా పొడి గాలే, అక్కడ పాలిష్ వల్ల నష్టం లేదు, లాభమూ లేదు, చేతులు నొప్పులు తప్ప.

నాగావళి_టర్బో:
నా జెన్ చలికాలం పొద్దున్న కూడా ఒక్క సెల్ఫ్‌కే లేస్తాది. నేను ఒప్పుకోను.

మొన్నటి_స్విఫ్ట్:
నాది కొత్త స్విఫ్ట్, నేను కూడా చెయ్యొచ్చా?

లేత్_మాస్టారు:
వద్దు. మీది ప్లాస్టిక్ మానిఫోల్డ్, లోపల ఇప్పటికే నున్నగా ఉంటాది, బర్రు పెడితే కరుగుద్ది. త్రాటిల్ మోటారుతో నడిచేది, కేబుల్ ఉండదు, దాన్ని ముట్టుకుంటే చెక్ లైట్ వెలిగి బండి నడక మీద పడుద్ది.

సప్లీ_మెకానికల్:
గంటస్తంభం బ్రో, గ్రైండర్ పట్టే ముందు ఒక వ్యాక్యూమ్ గేజీ (మానిఫోల్డ్‌లో గాలి లాగుడు కొలిచేది) సంపాదించు. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి వెళ్ళే సన్న హోస్ మీద టీ ఆకారం జాయింటు వేసి, గేజీ లోపలికి లాక్కో, డ్రైవింగ్ నువ్వు, చూసేవాడు పక్కన ఇంకొకడు. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో ఫుల్ తొక్కి 6000 దాకా లాగు. ముల్లు సున్నా దగ్గర అర అంగుళం (గేజీ మీద పాదరసం అంగుళాల లెక్క) లోపే ఉంటే త్రాటిల్ దాకా ఎక్కడా అడ్డం లేదన్నట్టు, గ్రైండర్ ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చెయ్. అంగుళం దాటి చూపిస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి మళ్ళీ చూడు, సగం కేసుల్లో దొంగ అదే.

గంటస్తంభం1298:
ఇది బాగుంది. ముందు గేజీ, తర్వాతే ఏదైనా. స్పేరు మానిఫోల్డ్ ఎలాగూ ఉంది కాబట్టి మాస్టారు చెప్పినట్టు పెదవి మాత్రం తీసి పెట్టుకుంటాను, స్పేరు త్రాటిల్ ముట్టుకోను. టీ బ్రేకు బూస్టర్ పైపు మీద వేసినా ఒకటే కదా, అది లావుగా ఉంది, సులువు.

లేత్_మాస్టారు:
ఒకటి కాదు. అక్కడ లీకు వచ్చిందంటే ఆగేది బండి కాదు, బ్రేకు. సన్న హోస్ మీదే వెయ్, రెండు పక్కలా క్లిప్పులు బిగించు. సెకండ్ గేర్‌లో 6000 అంటే స్పీడు బాగానే ఉంటాది, రింగు రోడ్డు మీద చెయ్యకు.

నాగావళి_టర్బో:
రీడింగ్ ఫొటో ఇక్కడే పెట్టు తమ్ముడూ. అంగుళం దాటితే సప్లీ గారు నాకు బాకీ.