పాక్-12 కూలిపోయింది: టీవీ సంస్థ రెండు వైపులా ఉండటం తప్పా, కాదా?

పుల్‌మన్ పూర్వ విద్యార్థి:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 1915 నుంచి పశ్చిమ తీరంలో వేళ్లూనుకున్న పాక్-12 కాన్ఫరెన్స్ మా కళ్లముందే ఖాళీ అయింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నామని ప్రకటించాయి. 2023 జులైలో కొలరాడో వెళ్లింది. ఆగస్టు 4న ఒక్క రోజులోనే ఒరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా వెళ్లిపోయాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా ఏసీసీ అనే మరో కాన్ఫరెన్స్‌లో చేరాయి. మిగిలినవి రెండే: ఒరెగాన్ స్టేట్, మా పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్.

కాలేజీలు వెళ్లిపోవడం మీద కాదు నా అభ్యంతరం. అప్పటికి పాక్-12 మ్యాచ్‌ల ప్రసార హక్కుల్లో టీవీ సంస్థ ఫాక్స్‌కి వాటా ఉంది. అదే ఫాక్స్‌కి బిగ్ టెన్ నెట్‌వర్క్ ఛానెల్‌లో మెజారిటీ వాటా కూడా ఉంది. లాస్ ఏంజెలెస్ ప్రేక్షకులు బిగ్ టెన్ వైపు వస్తే ఆ వాటా విలువ పెరుగుతుంది. తెర వెనక ఎవరు ఎవరితో మాట్లాడారన్నది నా ప్రశ్న కాదు. మన భాగస్వామికి మనం బలహీనపడితే లాభం ఉందంటే, అది పరస్పర విరుద్ధ ప్రయోజనం కాదా?

గుంటూరు పాఠకుడు:
అన్నా, నాకు క్రికెట్ తప్ప తెలియదు. కాన్ఫరెన్స్ అంటే టోర్నమెంటా? కాలేజీ ఆటలకి ఇంత డబ్బు ఎక్కడిది?

లెక్కల మాస్టారు:
టోర్నమెంట్ కాదు బాబూ, కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న లీగ్. అందరి మ్యాచ్‌ల టీవీ హక్కులూ కలిపి అమ్మి, వచ్చింది పంచుకుంటారు. ఒకప్పుడు దేశం మొత్తానికి కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏనే ఫుట్‌బాల్ ప్రసారాలను నియంత్రించేది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదని తీర్పిచ్చింది. అక్కడి నుంచి ఎవరి బేరం వాళ్లదే. 2022లో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకి చేసుకున్న ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే.

మీకు తెలిసిన ఉదాహరణ చెప్తాను. బీసీసీఐ అధ్యక్షుడి కంపెనీకే చెన్నై జట్టు ఉండేది గుర్తుందా? బోర్డు పదవిలో ఉన్నవాళ్లు ఐపీఎల్ జట్లు కొనుక్కోవచ్చన్న నిబంధనను 2015 జనవరిలో మన సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడి గొడవ కూడా ఆ జాతిదే.

ఆస్టిన్ వాసి:
మాస్టారూ, పోలిక నాకు నచ్చలేదు. ఫాక్స్ పాక్-12 బోర్డులో లేదు, హక్కులు కొనుక్కున్న కస్టమర్ మాత్రమే. ఒక కస్టమర్ రెండు షాపుల్లో సరుకు కొనకూడదని ఎక్కడుంది? పాక్-12 తన గొయ్యి తానే తవ్వుకుంది. 2012లో భాగస్వామి ఎవరూ లేకుండా సొంత ఛానెల్ పెట్టుకున్నారు, శాటిలైట్ టీవీ సంస్థ డైరెక్ట్ టీవీలో అది చివరిదాకా రాలేదు. 2023 వేసవికి కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ చేతిలో ఉన్నది ఆపిల్ స్ట్రీమింగ్ ఆఫర్. అందులో ఆదాయం ఎంతమంది చందాదారులు చేరతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కోచ్‌ల జీతాలు, స్కాలర్‌షిప్‌లు అలాంటి ఊహ మీద నడపగలమా? ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో పూర్తి వాటా కూడా లేకుండా చేరాయంటే వాళ్లు ఎంత టెన్షన్‌లో ఉన్నారో ఆలోచించండి. యూనివర్సిటీ ప్రెసిడెంట్ (మన వీసీ లాంటివారు) బాధ్యత తన యూనివర్సిటీకి, కాన్ఫరెన్స్‌కి కాదు.

పుల్‌మన్ పూర్వ విద్యార్థి:
ఆస్టిన్ గారూ, ఆ చివరి వాక్యమే అసలు జబ్బు. ఆ ప్రెసిడెంట్లే కాన్ఫరెన్స్ బోర్డు సభ్యులు కూడా. వెళ్లిపోతామన్న పదిమంది ఆ ఏడాదంతా బోర్డులో కూర్చుని, ఉమ్మడి డబ్బుని ఎలా పంచాలో ఓటేయాలనుకున్నారు. మిగిలింది ఇద్దరు. ఓటింగ్ ఎలా ఉంటుందో లెక్క కట్టక్కర్లేదు.

ముందస్తుగా నోటీసు ఇచ్చి తప్పుకునే సభ్యుడికి బోర్డు సీటు ఉండదని కాన్ఫరెన్స్ సొంత నియమావళిలోనే ఉంది. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏలు వెళ్తామన్నప్పుడు వాటిని బోర్డు నుంచి పక్కన పెట్టారు కూడా. తమ వంతు వచ్చేసరికి మిగతావాళ్లు "మేం ఇచ్చింది ఆ నోటీసు కాదు" అన్నారు. ఊరి నిధికి కాపలా ఉండాల్సినవాళ్లు బండి కట్టుకుని బయల్దేరుతూ తాళాలు మాత్రం ఇవ్వం అంటే ఎలా? మిగిలిన రెండు యూనివర్సిటీలూ మా పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టుకెళ్లాయి. 2023 నవంబర్‌లో జడ్జి బోర్డు పగ్గాలు ఆ రెండింటికే ఇచ్చారు. డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. దీన్ని నేను మా గెలుపుగా చూడటం లేదు. వెళ్లేవాడి ఓటు పోవాలన్న చిన్న విషయానికి కోర్టు దాకా వెళ్లాల్సి రావడమే నాకు బాధ.

బే ఏరియా అమ్మ:
ఫుట్‌బాల్ గొడవలో మిగతా ఆటల పిల్లల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ దాకా విమానాల్లో తిరగాలి, తిరిగొచ్చి క్లాసులకి వెళ్లాలి. వాళ్లకి టీవీ డబ్బు ఏమొస్తుంది?

ఇంకొకటి. బర్కిలీ, యూసీఎల్‌ఏ రెండింటినీ నడిపేది ఒకే రీజెంట్ల బోర్డు, అంటే పాలక మండలి. ఒక కొడుకు బాగుపడితే ఇంకొకడు నష్టపోతాడు, తీర్పు చెప్పాల్సింది మాత్రం ఆ తల్లిదండ్రులే. 2022 డిసెంబర్‌లో యూసీఎల్‌ఏని వెళ్లనిచ్చారు, 2024లో బర్కిలీకి ఏటా కోటి డాలర్లు ఇమ్మన్నారు. పబ్లిక్ యూనివర్సిటీలు కాబట్టి ఆ విషయం బహిరంగ సమావేశంలో జరిగింది, మనం చూశాం. స్టాన్‌ఫర్డ్ లాంటి ప్రైవేట్ వాటిలో ఏం జరిగిందో మనకెలా తెలుస్తుంది?

ఫ్రెస్నో రామ్:
పుల్‌మన్ అన్నా, ఏమనుకోకండి. 2024 సీజన్‌కి మీ రెండు టీంలకి ఆడటానికి ఎవరూ లేకపోతే మ్యాచ్‌లు ఇచ్చింది మా మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్. ఆ ఒప్పందంలోనే మా టీంలని లాక్కుంటే రుసుము కట్టాలని రాసుకున్నారు. సంతకం పెట్టి, తర్వాత బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్, మా ఫ్రెస్నో స్టేట్‌ని పాక్-12లోకి తీసుకున్నారు. ఆ రుసుము చెల్లదని మళ్లీ మీరే కోర్టుకెళ్లారు. మాకు మంచి అవకాశమే, కాదనను. కానీ బాధితులమని మీరు ఇప్పుడు అనకండి.

పుల్‌మన్ పూర్వ విద్యార్థి:
రామ్, ఆ దావా నాకూ నచ్చలేదు. సంతకం పెట్టాక కట్టాల్సిందే. నేను అడిగే నియమం మాకూ వర్తించాలి.

ఆస్టిన్ వాసి:
సరే, ఏం నియమం? చెప్పండి. 2021లో మా టెక్సాస్, ఓక్లహోమా బిగ్ 12 కాన్ఫరెన్స్ వదిలి ఎస్‌ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్తామన్నప్పుడు బిగ్ 12 కమిషనర్ బాబ్ బౌల్స్‌బీ టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్‌కి ఘాటైన లేఖ రాశారు, మా సభ్యుల్ని ఇంకో కాన్ఫరెన్స్ వైపు మళ్లిస్తున్నారని. ఈఎస్‌పీఎన్ కాదంది. ఏమీ తేలలేదు. అభిమానిగా నాకు ఎస్‌ఈసీ మ్యాచ్‌లు ఇష్టమే, దాచను. కానీ ఆ లేఖలోని ప్రశ్నకి ఈ రోజుకీ జవాబు లేదని ఒప్పుకుంటాను.

పుల్‌మన్ పూర్వ విద్యార్థి:
రెండే. కాన్ఫరెన్స్‌తో ఒప్పందం నడుస్తుండగా ప్రసార సంస్థ గానీ, దానికి వాటా ఉన్న ఛానెల్ గానీ ఆ సభ్యులతో వలసల గురించి మాట్లాడితే ఆ సంగతి లిఖితపూర్వకంగా కాన్ఫరెన్స్‌కి తెలపాలి. వేరే చోటు నుంచి ఆహ్వానం తీసుకున్న ప్రెసిడెంట్ ఆ రోజు నుంచే ఓటు వదులుకోవాలి.

లెక్కల మాస్టారు:
రాయడం తేలికే, అమలు ఎవరు చేస్తారు? కాన్ఫరెన్స్ నియమావళి మార్చాల్సింది ఆ ప్రెసిడెంట్లే. లీగ్‌లు హక్కులు కలిపి అమ్ముకోవచ్చన్న 1961 చట్టం ప్రొఫెషనల్ లీగ్‌ల కోసం చేసింది. దాన్ని కాలేజీలకీ విస్తరించాలని కొందరు అడుగుతున్నారు. అమెరికా కాంగ్రెస్ (పార్లమెంట్) ఆ పని మొదలుపెడితే పుల్‌మన్ గారి రెండు షరతులూ అందులోనే చేర్చాలి. మీ రాష్ట్ర సెనేటర్లకి రాయండి, నేను నా వంతుగా రాస్తాను.