స్టమక్ ఆర్టరీలు ఎంత చదివినా గుర్తుండట్లేదు, ఎలా చదవాలి?

ఫస్టియర్_కుర్రాడు: వచ్చే వారం అబ్డామెన్ (పొట్ట భాగం) వైవా, అంటే నోటి పరీక్ష, ఒకటే టెన్షన్. సీలియాక్ ట్రంక్‌కి (పొట్టలో అయోర్టా నుంచి వచ్చే ధమని) మూడు కొమ్మలు, లెఫ్ట్ గ్యాస్ట్రిక్, స్ప్లీనిక్, కామన్ హెపాటిక్, ఇంతవరకు ఓకే. ఆ తర్వాత ఏది ఎక్కణ్ణుంచి వస్తుందో రాత్రి చదివింది పొద్దున్నకి ఉండట్లేదు. అసలు ఒక్క స్టమక్‌కి ఇన్ని ఎందుకు? అన్నలూ అక్కలూ, కాస్త చెప్పండి.

హౌస్‌సర్జన్_అక్క: పేర్లు బట్టీ పట్టకు తమ్ముడూ, పుస్తకం మూసేసి స్టమక్ బొమ్మ గీయి. చిన్న వంపు (స్టమక్ కుడి వైపు పొట్టి అంచు) మీద గ్యాస్ట్రిక్‌లు రెండూ ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి: ఎడమది నేరుగా సీలియాక్ నుంచి పుట్టి, పైకెళ్ళి అన్నవాహికకి కొమ్మలిచ్చి, మళ్ళీ వంపు వెంట కిందికి దిగుతుంది, కుడిది మామూలుగా హెపాటిక్ ప్రాపర్ (కామన్ హెపాటిక్ కొనసాగింపు) నుంచి వస్తుంది. పెద్ద వంపు (ఎడమ వైపు పొడుగాటి అంచు) మీద గ్యాస్ట్రోఎపిప్లోయిక్‌లు: ఎడమది స్ప్లీనిక్‌ది, కుడిది గ్యాస్ట్రోడుయోడినల్‌ది (ఇది కూడా కామన్ హెపాటిక్ కొమ్మే). ఇక మిగిలింది ఫండస్ (స్టమక్ పై గుండ్రటి భాగం), దానికి స్ప్లీనిక్ చివర్నుంచి 5-7 షార్ట్ గ్యాస్ట్రిక్‌లు. డిసెక్షన్ హాల్లో పాంక్రియాస్ పై అంచు వెంట వంకరటింకరగా పోయే స్ప్లీనిక్‌ని వేలితో తడుముకుంటూ ప్లీహం దాకా వెళ్ళి చూడు, ఇక మర్చిపోవు.

సర్జరీ_పీజీ: ఇన్ని ఎందుకన్నావు కదా. అవన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, ఒకటి ఆగినా ఇంకోటి ఆదుకుంటుంది. అన్నవాహిక క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసేటప్పుడు స్టమక్‌నే గొట్టంలా చేసి ఛాతీలోకో మెడ దాకానో లాగుతాం. అందుకోసం లెఫ్ట్ గ్యాస్ట్రిక్, షార్ట్ గ్యాస్ట్రిక్‌లు, లెఫ్ట్ గ్యాస్ట్రోఎపిప్లోయిక్ అన్నీ కట్ చేస్తాం, ఆ గొట్టం బతికేది ముఖ్యంగా రైట్ గ్యాస్ట్రోఎపిప్లోయిక్ మీదే. అందుకే పెద్ద వంపు దగ్గర ఆ నాళాన్ని ఎవరూ నలపకుండా చూసుకుంటాం. గొట్టం పై కొసకి రక్తం తక్కువ అందుతుంది, కుట్టు లీకయ్యే భయం కూడా అక్కడే.

అనాటమీ_ట్యూటర్: వైవాలో తప్పకుండా అడిగేది అల్సర్. గ్యాస్ట్రోడుయోడినల్ డుయోడినమ్ (స్టమక్ తర్వాత మొదలయ్యే చిన్నపేగు) మొదటి భాగం వెనక నుంచే పోతుంది, వెనక గోడలో అల్సర్ దాన్ని తినేస్తే రక్తం ధారగా పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. చిన్న వంపు మీది అల్సర్ అయితే లెఫ్ట్ గ్యాస్ట్రిక్ అని చెప్పు.

ఫస్టియర్_కుర్రాడు: బొమ్మ గీశాను, ఇప్పుడు దారి కనబడుతోంది అక్కా. మరి బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్‌లో పెద్ద వంపు వైపు తీసేస్తారు కదా, మిగిలిన గొట్టానికి చిన్న వంపు ఆర్టరీలేనా దిక్కు?

సర్జరీ_పీజీ: అవును, ముఖ్యంగా లెఫ్ట్ గ్యాస్ట్రిక్. వైవాలో ఇదే చెప్పు.