ఎక్స్‌రే కోర్సు చేస్తే పిల్లలు పుట్టరంటున్నరు, నిజమేనా?

చండూరు పిల్ల:
అందరికి నమస్తే. మాది చండూరు దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ అయిపోయింది, 871 వచ్చినయి. నీట్ రాసిన గని సీటొచ్చే ర్యాంకు కాదు. లాంగ్ టర్మ్ పెట్టిచ్చే స్తోమత మా నాయనకు లేదు, ఈ యేడు పత్తి గూడ సగమే చేతికొచ్చింది. అందుకే డీఎంఐటీ, అదే రెండేండ్ల ఎక్స్‌రే డిప్లొమా, చేద్దామనుకుంటున్న. గవర్నమెంటుల రాకపోతే అని ప్రైవేటు కాలేజీ ఒకటి చూసొచ్చినం. బిల్డింగు మస్తుగున్నది, ఏసీ క్లాసులు, బస్సు గూడ ఉన్నది. మా అమ్మనే ఒప్పుకుంటలేదు. ఆ మిషన్ల కాడ పనిచేస్తే పిల్లలు పుట్టరని, సంబంధాలు రావని మా మేనత్త చెప్పిందట. ఈ లైన్ల ఉన్నోళ్ళు ఎవరన్న ఉంటే ఉన్నదున్నట్టు చెప్పుండ్రి.

డార్క్‌రూమ్ అన్న:
చెల్లె, ముందుగాల మీ మేనత్త సంగతి. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఇంటర్ చదువుతున్నది, పొద్దుగాల దాన్ని లేపుడే నాకు పెద్ద డ్యూటీ. నేను ఈ పనిల చేరి ఇరవై ఏండ్లు దాటింది. ఫిలిం కడిగే కాలంల వచ్చినోన్ని, ఫిక్సరు వాసన ఇంటిదాక నా అంగికి అంటుకోని వచ్చేది.

లైటు బంద్ చేసినంక వెలుగు రూముల మిగులుతదా? ఎక్స్‌రే గూడ అంతే. స్విచ్ ఒత్తినప్పుడు సెకనుల చిన్న వంతు, తర్వాత ఏం ఉండదు. మన దిక్కు వచ్చేది ఎక్కువ పేషెంటు ఒంటికి తగిలి చెదిరిన కిరణమే. దూరం రెండింతలయితే అది నాలుగో వంతుకు పడిపోతది. సీసం అడ్డం వెనుక నిలబడి ఒత్తితే ఇంకేం మిగులుతది చెప్పు? చాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి అని చిన్న బిళ్ళ పెట్టుకుంటం, సీసం ఏప్రాన్ వేసుకుంటే దాని లోపల్నే. మూడు నెలలకోసారి ల్యాబుకు పోతది, ఎంత తగిలిందో మిల్లీసీవర్ట్‌లల్ల లెక్క వస్తది, రేడియేషన్ కొలత అది. ఏఈఆర్‌బీ, అదే రేడియేషన్ భద్రత చూసే సెంట్రల్ గవర్నమెంటు బోర్డు, పెట్టిన హద్దు ఐదేండ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిల గూడ 30 దాటొద్దు. నా లెక్క ఎక్కువసార్లు సున్న కాడనే ఉంటది. ఆడపిల్లలు కడుపుతోని ఉన్నరని తెలిసినంక చెప్పాలె. అప్పటి నుంచి కాన్పుదాక కడుపుల బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండ డ్యూటీ మారుస్తరు.

అయితే అన్ని జాగల గిట్లనే ఉంటదని చెప్పను. నా మొదటి కొలువు ఒక చిన్న నర్సింగ్ హోములో. పదకొండు నెలలు బ్యాడ్జి లేకుండనే చేసిన. ఉన్నది ఒకటే ఏప్రాన్, దాన్ని దుప్పటి మడిచినట్టు మడిచి బీరువల పెట్టెటోళ్ళు. మడిస్తే లోపల సీసం పగులుతది, దాన్ని కర్రకు ఏలాడదియ్యాలె. చిన్నపిల్లలను పట్టుకోనీకి ఎవరు లేకుంటే నన్నే పట్టుకొమ్మనెటోడు ఓనరు. బ్యాడ్జి గురించి రెండుసార్లు అడిగిన, మూడోసారి అడగకుండ మానేసి వచ్చిన. రేపు కొలువుకు పోతే జీతం కంటె ముందు బ్యాడ్జి అడుగు.

ఇగ కాలేజీ. ఏసీ క్లాసుల పేషెంట్లు పండరు. వాళ్ళు ప్రాక్టికల్స్‌కు ఏ ఆసుపత్రికి పంపుతరో అడిగి, పొద్దుగాల పదింటికి అక్కడి ఎక్స్‌రే రూము ముంగట బెంచి మీద ఒక గంట కూసో. ఎంతమంది లోపలికి పోయిండ్రో లెక్కపెట్టు. మా కాడికి ఒక పిలగాడు వచ్చిండు, రెండేండ్లు చదివిండు, సర్టిఫికెటు చేతుల ఉన్నది. మోకాలు పక్క నుంచి తియ్యమంటే పేషెంటును ఏ దిక్కు పండవెట్టాలెనో తెల్వదు. వాని తప్పు కాదు, కాలేజీల మిషన్‌కు గుడ్డ కప్పి ఉంచెటోళ్ళట.

మిషన్ ఒత్తుడు వారంల వస్తది. మనిషిని నిలబెట్టుడు ఉన్నది సూడు, అది ఏండ్లు పడతది. చాతీ ఎక్స్‌రేనే తీసుకో. కిరణాలొచ్చే ట్యూబు 180 సెంటీమీటర్ల దూరం, గదువ పైకి, చేతులు నడుము మీద, భుజాలు ముందుకు. భుజాలు ముందుకు రాకుంటే రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతయి. ఇదంత పుస్తకంల ఉంటది. పుస్తెలతాడు తియ్యనంటే ఏం చెయ్యాలెనో మాత్రం ఉండదు. నేనైతే బలవంతం చెయ్య. "తియ్యకమ్మ, పైకి జరిపి పండ్ల నడుమ పట్టుకో" అంట. జడ ముడేసుకొమ్మంట, లేకుంటే మెడకాడ గీతలు పడి డాక్టరు అదేదో మచ్చ అనుకుంటడు. ఒక ముసలామెకు "ఊపిరి పీల్చి బిగవట్టు" అన్న. ఎక్స్‌పోజరు అయిపోయింది, వదులుమని చెప్పుడు మర్చిన. సూస్తె మొఖం ఎర్రగ చేసుకోని అట్లనే నిలబడ్డది పాపం. అప్పటి నుంచి "ఇగ వదులు" అనకుండ బటన్ మీదికెల్లి చెయ్యి తియ్య.

మన జిల్లాల ఇంకొకటి ఉన్నది. మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు, ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగిన శరీరం. మెడ తిరగదు, ఎటు సూడాలెనన్న మనిషంత తిరుగుడే. వెన్నుపూస మామూలు సెట్టింగ్ మీద తీస్తే సుద్దముక్క లెక్క తెల్లగ వచ్చింది, ఎముక అంత గట్టిపడ్డది. కేవీ, అంటే కిరణం లోపలికి దూసుకపోయే జోరు, పెంచి మళ్ళ తీసిన. ముంజేతి ఫిలింల రెండెముకల నడుమ పొర గూడ ఎముక లెక్క గట్టిపడి ముండ్లు ముండ్లుగ కనవడ్డది. నడుము వంగనోన్ని బల్లకు తగ్గట్టు వంచొద్దు, మిషన్‌నే ఆయనకు తగ్గట్టు జరుపాలె. కాలేజీల ఇది నాకు ఎవరు చెప్పలే.

పాలమూరు సెకండియర్:
అన్న అన్నీ చెప్పిండు, నేను రెండు మాటలు కలుపుత. ఎంట్రెన్స్ ఏం ఉండదక్కా, ఇంటర్ మార్కుల మీదనే సీటు, ముందు బైపీసీ వాళ్ళకు ఇస్తరు. పారామెడికల్ బోర్డు నోటిఫికేషన్ చూస్తుండు. కోర్సు అయినంక బోర్డుల రిజిస్ట్రేషన్ మర్చిపోకు. బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ కాడ చుక్కలు కనిపిస్తయి. ట్యూబుల పెట్టే శక్తిల దాదాపు 99 శాతం వేడే అయితదని, ఎక్స్‌రే ఒక్క శాతమేనని విన్న రోజు నేను సారు తప్పు చెప్పిండనుకున్న.

నాది ఒక తప్పు చెప్త. ఫస్టియర్‌ల ఎడమ, కుడి తెలిసేటందుకు పెట్టే ఎల్, ఆర్ మార్కర్ పెట్టకుండ మడిమ తీసిన. రెండు కాళ్ళకు దెబ్బలున్నయి ఆయనకు. ఏది కుడిదో తేలక మళ్ళ తియ్యాల్సొచ్చింది, ఊకెనే రెండోసారి రేడియేషన్. ఇప్పుడు మార్కర్ జేబుల ఉంటేనే రూము తలుపు తెరుస్త. ఇంకొకటి, నడుం జాగ్రత్త. స్ట్రెచర్ మీది నుంచి బల్ల మీదికి మనుషులను మార్చుడు రోజు పని, ఒక్కదానివే లేపకు.

చండూరు పిల్ల:
అన్నా, నిన్న పోయి కూసున్న. గంటన్నరల నలుగురు వచ్చిండ్రు. అందుల ఒకామె స్కానింగ్ రూము ఎటు అని అడగనీకి వచ్చింది. అటెనుక నల్లగొండ పెద్దాసుపత్రికి పోయిన, అక్కడ లెక్కపెట్టుడు ఇరవై మూడు కాడ ఆపేసిన, బస్సు టైమయింది. గవర్నమెంటుదానికే అప్లై చేస్త, నోటిఫికేషన్ దాక ఆగుత.

అమ్మకు మీ ఇద్దరు పిల్లల సంగతి చెప్పిన. మెత్తబడ్డది గని, ఆ పిల్లలు కొలువుల చేరకముందు పుట్టిండ్రా, చేరినంక పుట్టిండ్రా అడుగమన్నది.

డార్క్‌రూమ్ అన్న:
చేరినంకనే అని చెప్పు. చిన్నోడు పుట్టిన రాత్రి నేను నైట్ డ్యూటీల ఉన్న, ఆ సంగతి మీ వదిన ఇప్పటికి మర్చిపోలేదు.