ఆదరణ కూడికలో కుటుంబం చేత సాక్ష్యం చెప్పించాలా?

కృష్ణాతీరం:
అందరికీ వందనాలు. భూస్థాపన అయ్యాక మూడో రోజో పదో రోజో మనవాళ్లు ఆదరణ కూడిక పెడతారు కదా. ఈమధ్య చాలాచోట్ల అది ఆదివారం ఆరాధనలాగే నడుస్తోంది. కీబోర్డు, ప్యాడ్, చప్పట్ల పాటలు, చివర్లో భర్త పోయిన ఆమె చేతికి మైకు. ఆమె "దేవుడు నాకు సమాధానం ఇచ్చాడు" అనాలి, జనం హల్లెలూయా అనాలి. నన్నడిగితే ఆ మైకు ఇచ్చే పద్ధతి మానేయాలి. అందరి ముందు అలా చెప్పేసిన మనిషి రెండు నెలలు పోయాక రాత్రిళ్లు నిద్రపట్టక ఏడుస్తుంటే, ఆ సంగతి సంఘంలో ఎవరితో చెప్పుకుంటుంది? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సీయోను గుమ్మం:
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. నేను కాదంటాను. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో 4:4 రాసేటప్పటికి పౌలు బంధకాల్లో, అంటే జైల్లో ఉన్నాడు. కష్టం తీరాక ఆనందించమనలేదు, "ఎల్లప్పుడును" అన్నాడు. పైగా మీరు పల్లె సంగతి మర్చిపోతున్నారు. భర్త పోతే గాజులు తీయించే ఊళ్లో, ఎదురొస్తే అపశకునమనే వీధిలో, ఆమె పదిమంది ముందు నిలబడి "నాకు నిరీక్షణ ఉంది" అనడం చిన్న విషయమా? ఆ కూడికకు వచ్చే బంధువుల్లో క్రీస్తును ఎరగనివాళ్లూ ఉంటారు. పునరుత్థానం గురించి వాళ్లు వినేది అక్కడే.

పల్లె కాపరి:
సీయోను గారూ, అదే పత్రికలో 2:27 చూడండి. పౌలు జతపనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లి బతికాడు. అతను పోయుంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలే రాశాడు. ఆ రెండూ రాసింది ఒకే మనిషి. ఇక 1 థెస్సలొనీక 4:13ని సగానికి తుంచి "విశ్వాసి ఏడవకూడదు" అని బోధించేవాళ్లు ఎక్కువైపోయారు. అక్కడున్నది "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దని. స్తెఫనును సమాధి చేసినవాళ్లు బహుగా ప్రలాపించారు (అపొస్తలుల కార్యములు 8:2), వాళ్లు భక్తిగల మనుష్యులని కూడా ఆ వచనమే చెబుతోంది. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. యోహాను 16:22లో ఎవరూ తీసివేయలేని సంతోషం ఇస్తానన్నప్పుడు కూడా, "ఇప్పుడు మీరు దుఃఖపడుచున్నారు" అన్న సంగతి ఆయన దాటవేయలేదు.

కూడిక విషయానికొస్తే, గంట దాటనివ్వకండి. వాక్యం ఒక్కరే చెప్పాలి, పదిహేను నిమిషాల్లో ముగించాలి. నలుగురు సేవకులు వరుసగా "రెండే రెండు మాటలు" అంటూ లేచారంటే మధ్యాహ్నం రెండవుతుంది, ముందు వరసలో కూర్చున్న ఆ కుటుంబానికి పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ఉండవు. వాక్యానికి 13వ కీర్తన సరిపోతుంది. ఫిర్యాదు, తర్వాత విన్నపం, ఆఖర్న నమ్మకం, ఆ వరుసలోనే మొత్తం చదివించండి. మనవాళ్లు ఆఖరి ముక్క ఒక్కటే చదివి ఊరుకుంటారు. ఫిర్యాదు దాటేసి వస్తే ఆ నమ్మకం పైపైనే ఉంటుంది. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది. దాన్ని కూడా గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు.

క్రీస్తును నమ్ముకునేవాళ్లు ముందుకు రండని రక్షణ పిలుపు ఇచ్చి చేతులెత్తించడం మాత్రం ఆ రోజు వద్దు. సువార్త కూడిక కావాలంటే ఇంకో రోజు పెట్టుకోండి.

మరియ నగర్:
మా కాథలిక్కుల్లో ఈ గొడవ తక్కువే. క్రమం పుస్తకంలోనే ఉంటుంది, కుటుంబం చేయాల్సింది ఏమీ ఉండదు. 1969లో అంత్యక్రియల క్రమాన్ని సవరించినప్పుడు పునరుత్థాన నిరీక్షణను ముందుకు తెచ్చారు, తెల్లని పూజావస్త్రాలు కూడా వాడొచ్చన్నారు. ఏటా నవంబరు 2న సమాధుల దగ్గరికి వెళతాం, పోయినవారిని తలుచుకుని ఏడవడానికి ఆ రోజు ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోటల్లా ఏమిటంటే, పూజ అయ్యాక ఇంటికి వెళ్లి పలకరించేవాళ్లు మా దగ్గరా తక్కువే.

తంబురా:
పాటల వైపు నుంచి ఒక మాట. ఏడ్చిన గొంతు బిగుసుకుని ఉంటుంది, పైస్వరాలు అందవు. ఆదివారం డి శ్రుతిలో పాడే పాటను సి శ్రుతికో బి శ్రుతికో దించండి. ప్యాడ్ ఆపేయండి, కీబోర్డు సన్నగా పట్టి ఉంటే చాలు. రెండు పాటలు, అవీ ముసలివాళ్లకు కూడా కంఠతా వచ్చిన పాత కీర్తనలు. కొత్త పాటైతే కుటుంబం నోరు కదపలేక స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటుంది. ఇంకోటి, ఎకో తగ్గించండి బాబూ, సంతాపం చెబుతున్నారో పోటీ ప్రకటిస్తున్నారో తెలియడం లేదు.

ఓదార్పు గది:
ఆసుపత్రిలో కౌన్సెలింగ్ వైపు నుంచి రాస్తున్నాను. మైకు మంచిదా చెడ్డదా అన్నదానికన్నా ఎప్పుడు, ఎలా అడిగారన్నదే ముఖ్యం. మొదటి రోజుల్లో మనిషి మొద్దుబారి ఉంటారు. ఆ నిబ్బరాన్ని చూసి "ఎంత విశ్వాసమో" అంటాం. అసలు బాధ అందరూ వెళ్లిపోయాక, బ్యాంకు కాగితాలు, మరణ ధృవీకరణ పత్రం చుట్టూ తిరిగేటప్పుడు మొదలవుతుంది. సంఘం రాకపోకలు సరిగ్గా అప్పుడే ఆగిపోతాయి.

మొదటి వారం పలకరించడానికి రోజుకు ఇద్దరు వెళితే చాలు, ఇరవై నిమిషాలు. బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నారు. చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాక చెడగొట్టారు. తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, పెళ్లిరోజుకు, ఏడాదికి ఎవరు వెళ్లాలో పేర్లతో సంఘం డైరీలో రాసిపెట్టండి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "గురువారం అన్నం మేం తెస్తాం" అనండి.

పిల్లలతో "దేవుడు నాన్నను తీసుకెళ్లాడు" అని ఊరుకోకండి, తర్వాత అమ్మను కూడా తీసుకెళతాడని వణికిపోతారు. చనిపోయాడని, తిరిగి లేపే రోజు ఉందని, రెండూ చెప్పాలి.

"నేనూ ఆయన దగ్గరికే పోతా" అన్న మాట వినబడితే అది పరలోక ఆశ అని సరిపెట్టుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే ఆ రోజే బయటికి తీయించండి. మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఏడాది గడిచినా రోజూ అదే తీవ్రతతో ఉండి పని, తిండి సాగకపోతే డాక్టరుకు చూపించాలి. ప్రార్థన ఆపమని కాదు, రెండూ కలిపి నడవాలి.

సీయోను గుమ్మం:
పాస్టరు గారూ, 2:27 సంగతి ఒప్పుకుంటున్నాను. మైకు మానేయాలన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మాట్లాడాలనుకునే ఆడవాళ్లు ఉంటారు. మీరంతా కలిసి "పాపం, తట్టుకోలేదు" అని నిర్ణయిస్తే అది కూడా నోరు నొక్కడమే. పైగా అలా నిర్ణయించేది ఎప్పుడూ మగవాళ్లే.

ఓదార్పు గది:
అది నిజం. కాబట్టి ముందురోజు ఇంట్లో, ఒక పెద్దావిడ చేత విడిగా అడిగించండి. మాట్లాడొచ్చు, రాసిస్తే ఇంకొకరు చదవొచ్చు, ఏమీ వద్దనొచ్చు. కూడిక మధ్యలో పేరు పిలిస్తే మాత్రం వద్దనే ధైర్యం ఎవరికీ ఉండదు. మాట్లాడితే "ఇంకా చాలా కష్టంగా ఉంది" అన్నా సాక్ష్యమేనని ముందే చెప్పండి.

కృష్ణాతీరం:
అలా అడిగే సంఘం ఉంటే నాకు అభ్యంతరం లేదు. అడగకుండా ఇచ్చేవే ఎక్కువ, అందుకే మానేయమంటున్నాను. ఇంకో సందేహం. మొదటి క్రిస్మస్‌కు ఆ ఇంటి మీద నక్షత్రం కట్టరు, కొత్తబట్టలు కొనరు. కేరల్స్ బృందం ఆ గుమ్మం దాటుకుని పోవాలా?

పల్లె కాపరి:
దాటిపోవద్దు. రాత్రిపూట డప్పులతో వీధంతా తిరిగి ఆ ఒక్క ఇల్లు వదిలేస్తే వాళ్లకు అదింకా నొప్పి. రెండు రోజుల ముందు వెళ్లి అడగండి. సరేనంటే డప్పు ఆపి, నలుగురైదుగురు లోపలికెళ్లి నెమ్మదిగా ఒక్క పాట పాడి, పోయిన మనిషిని పేరుపెట్టి తలుచుకుని ప్రార్థన చేసి రండి. కానుక డబ్బా వీధిలోనే ఉంచండి.