అంబాసిడర్: ఎడమ ముందు చక్రం బ్రేకు వదలట్లేదు, ముక్కు కూడా అటే వాలింది

పాతబండి_కాకినాడ:
పొద్దుట్నుంచి బండి కిందే ఉన్నా, ఇక ఓపిక లేదు. అంబాసిడర్ మొత్తం విప్పి కట్టాం. డ్రమ్ములు లేత్ మీద తీయించాం, లైనింగులు కొత్తవి, వీల్ సిలిండర్లకి (చక్రం దగ్గర షూలని నెట్టేవి) కొత్త రబ్బరు కిట్లు వేశాం. నాలుగైదు కిలోమీటర్లు పోగానే బ్రేకు పట్టేస్తోంది, బండి పక్కకి లాగేస్తోంది. ఎడమ ముందు డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేం. షూ (డ్రమ్ముని లోపల పట్టే లైనింగు ముక్క) వదులు చేస్తే పెడల్ కిందికి పోతోంది. పైగా ముందు ఎడమవైపు అంగుళం కిందికి ఉంది. జంపర్ (షాక్ అబ్జార్బర్) మార్చాలా? సూటిగా చెప్పండి.

రెంచి13:
ఏ మోడల్? ముందు డ్రమ్మా, డిస్కా? లాగేది ఎటు? నొక్కినప్పుడా, వదిలాకా?

కమాన్‌కట్ట:
జంపర్‌కీ ఎత్తుకీ సంబంధం లేదు తమ్ముడూ. బండి బరువు మోసేది ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్ కట్టలు. జంపర్ ఊపు ఆపుతుందంతే. బ్రేకు సంగతంటావా, ఒకసారి ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోసి చూడు.

డాట్‌4_శాస్త్రి:
ఆయిల్ కాదండీ, ఫ్లూయిడ్. ఆయిల్ ఆయిల్ అనబట్టే షెడ్డుల్లో ఏ డబ్బా దొరికితే అది పోస్తున్నారు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకం, గాల్లో తేమ పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 మరిగేది 205 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక 140కే. డాట్ 4కి 230, 155. తేమతో సిలిండర్ లోపల తుప్పు కూడా పడుతుంది, కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. పెయింటు మీద పడితే గ్లైకాల్ పెయింటుని లేపేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

కమాన్‌కట్ట:
పేరేదైతేనేం సార్, ఊళ్ళో అందరూ బ్రేక్ ఆయిలే అంటారు. షాపులో ఫ్లూయిడ్ అని అడిగితే వాడు మన మొహం చూస్తాడు.

డాట్‌4_శాస్త్రి:
అనండి. కానీ ఇంజన్ ఆయిల్ చుక్క పడ్డా కప్పులు (సిలిండర్ లోపలి రబ్బరు సీళ్ళు) ఉబ్బుతాయని కూడా చెప్పండి. పెట్రోల్, డీజిల్‌తో కడిగినా, బిగించేటప్పుడు మామూలు గ్రీజు రాసినా అంతే. కప్పుని బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే తడిపి ఎక్కించాలి. ఉబ్బిన కప్పుని కొత్తదాని పక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. ఒక్కటి ఉబ్బినా సిస్టమ్‌లో రబ్బరంతా మార్చాల్సిందే.

పాతబండి_కాకినాడ:
మార్క్ 2, నాలుగూ డ్రమ్ములే. గ్రీజు రాయలేదు. లాగడం ఎడమకే అనుకుంటా, సరిగ్గా గమనించలేదు.

రెంచి13:
గమనించండి. అసలు విషయం అందులోనే ఉంది.

మోరిస్_మేస్త్రి:
పెడల్ నొక్కితే ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్‌లో తప్పుంటే నాలుగు చక్రాలూ పడతాయి. పెడల్ పుష్‌రాడ్‌కి వదులు లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది, వేడికి పెరిగిన ఆయిల్ ట్యాంకులోకి తిరిగి రాలేదు. మీకు ఒక్క చక్రమే కాబట్టి దాన్ని పక్కన పెట్టి ఇలా చూడండి.

బ్రేకు పట్టేసి ఉండగానే బండి ఆపండి, చల్లారనివ్వొద్దు. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి ముందు జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టండి. ఎడమ చక్రం చేత్తో తిరగదు కదా, ముందు మాస్టర్ దగ్గర పైపు యూనియన్ (జాయింటు నట్టు) అరచుట్టు వదులు చేయండి. చక్రం తిరిగితే తప్పు మాస్టర్‌ది. తిరగకపోతే యూనియన్ బిగించి, చక్రం దగ్గర గాలి తీసే బ్లీడ్ నిప్పల్ తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే మధ్యలో ఉన్న రబ్బరు హోస్ లోపల మూసుకుపోయినట్టు. నిప్పల్ తెరిచినా వదలకపోతే ఆయిల్‌తో పని లేదు: షూని వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగ్ తప్పు కన్నంలో తగిలించి ఉంటారు, లేదా పిస్టన్ తుప్పుకి పట్టేసి ఉంటుంది. ముందు చక్రానికి రెండు సిలిండర్లు, రెండూ చూడాలి.

హోస్ అయితే గుర్తు ఇంకోటి ఉంది. నొక్కిన క్షణంలో బండి కుడికి లాగుతుంది, ఎందుకంటే ఎడమకి ప్రెషర్ ఆలస్యంగా చేరుతుంది. పెడల్ వదిలాక ఎడమకి లాగుతుంది.

పాతబండి_కాకినాడ:
అచ్చం అలాగే! నొక్కితే కుడికి, వదిలాక ఎడమకి. మాస్టర్ దగ్గర వదులు చేస్తే తిరగలేదు, నిప్పల్ తెరవగానే చిమ్మింది. హోసులు పాతవే, పైకి పగుళ్ళు లేవని ఉంచేశాం.

రెంచి13:
ఇది మొదటే చెప్పాల్సింది. రెండు వైపులా మార్చండి.

మోరిస్_మేస్త్రి:
పైన చూస్తే ఏం తెలుస్తుంది? ఉబ్బేది లోపలి పొర. కొత్త హోస్ ముందు సిలిండర్ వైపు కొత్త రాగి వాషర్‌తో బిగించండి, తర్వాత బ్రాకెట్ దగ్గర. మెలి పడనివ్వొద్దు. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరుకి రాసుకోవట్లేదని చూడండి. తర్వాత ఒక్కో అడ్జస్టర్ షూ పట్టేదాకా తిప్పి, ఒక్క క్లిక్ వెనక్కి. మీరు బాగా వెనక్కి తిప్పేశారు, అందుకే పెడల్ కిందికి పోతోంది.

డిస్క్‌ప్రియుడు:
ఈ డ్రమ్ముల గొడవెందుకు, తర్వాతి మోడల్ డిస్కులు వేసేస్తే సరి.

డాట్‌4_శాస్త్రి:
వేస్తే మాస్టర్‌లో డ్రమ్ముల కోసం ఉన్న వాల్వు తీసేయాలి. అది లైన్లో కొంత ప్రెషర్ నిలిపి ఉంచుతుంది, డిస్కు ప్యాడ్ ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. కాలి నొక్కుడుకి బలం కలిపే బూస్టర్ లేకపోతే పెడల్ రాయిలా ఉంటుంది.

డిస్క్‌ప్రియుడు:
బూస్టర్ కూడా వేస్తాం, ఏమైంది?

కమాన్‌కట్ట:
ఎత్తు సంగతి వదిలేశారు. నాలుగు టైర్ల గాలి సమానం చేసి, బండిని ముందుకీ వెనక్కీ తోసి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా కొలవండి. తర్వాత వెనక డిఫరెన్షియల్ కింద సరిగ్గా మధ్యలో జాకీ ఎత్తండి. ముందు సమానంగా వస్తే తప్పు వెనక కమాన్ కట్టలది. రాకపోతే టార్షన్ బార్. బార్లు విప్పినప్పుడు కుడి ఎడమ గుర్తు పెట్టారా? ఏ వైపుది ఆ వైపే ఎక్కాలి. సస్పెన్షన్ రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు వేలాడుతుండగా బిగించారా, నేల మీదా? వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఎత్తు తప్పు చూపిస్తుంది, త్వరగా చిరిగిపోతుంది కూడా.

పాతబండి_కాకినాడ:
హోసు మార్చాం, చక్రం వదులుతోంది. థాంక్స్ అందరికీ.

కమాన్‌కట్ట:
ఒకటే మార్చారా, రెండూనా? ఎత్తు కొలిచారా?

డిస్క్‌ప్రియుడు:
బూస్టర్ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా?