‘ప్రారబ్ధార్థము లుజ్జగింపరు’: వెనకబడ్డ అభ్యర్థికి ఈ పద్యం వర్తిస్తుందా?

ప్రశ్న: అమెరికా ప్రైమరీల్లో (పార్టీ తన ప్రెసిడెంట్ అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాలవారీగా జరిగే ఎన్నికల్లో) వెనకబడ్డ కన్సర్వేటివ్ అభ్యర్థిని సొంత పార్టీవాళ్లే ‘ఇక తప్పుకో’ అంటుంటారు. అలాంటప్పుడు ‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం చెప్పి, చివరిదాకా ఉండాల్సిందే అని వాదించవచ్చా?

జవాబు: వాదించవచ్చండీ. కాకపోతే నాలుగో పాదాన్ని నిదానంగా చదవాలి.

*ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచుం ధృత్యున్నతోత్సాహులై*
*ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్*

భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు ఇది. నీచులు అడ్డంకులకు భయపడి అసలు మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి అడ్డంకులు రాగానే వదిలేస్తారు, ధీరులు మాత్రం ఎన్ని అడ్డంకులొచ్చినా వదలరు అని పద్యం భావం. ‘అంతా నా ప్రారబ్ధం’ అని నిట్టూరుస్తామే, ఆ కర్మఫలం సంగతి ఇక్కడ లేదు. ప్రారబ్ధం అంటే మొదలుపెట్టినది. ప్రారబ్ధార్థం అంటే పూనుకున్న పని. ఉజ్జగించడమంటే విడిచిపెట్టడం. ఎన్నికలప్పుడు పేపర్లలో కనిపించే ‘రెబెల్స్‌కు బుజ్జగింపులు’ వేరే మాట, కలపకండి.

అంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ అభ్యర్థి పూనుకున్న పని ఏమిటని.

1976 రిపబ్లికన్ ప్రైమరీలు చూడండి. పదవిలో ఉన్న ప్రెసిడెంట్ ఫోర్డ్ మీద రీగన్ పోటీకి దిగారు. న్యూ హాంప్‌షైర్‌లో రెండు వేల ఓట్లలోపు తేడాతో ఓడారు. ఫ్లోరిడా పోయింది, ఇల్లినాయ్ పోయింది. ప్రచారానికి సుమారు 20 లక్షల డాలర్ల అప్పు. పార్టీ గవర్నర్లు తప్పుకోమని బాహాటంగానే అన్నారు. భార్య నాన్సీకి కూడా ఇక చాలనిపించింది. మార్చి 23న నార్త్ కరోలినా. అక్కడ సెనేటర్ జెస్సీ హెల్మ్స్ మనుషులు ఊరూరా పనిచేశారు, రీగన్ అరగంట ప్రసంగాన్ని టీవీల్లో వేయించారు. అప్పట్లో అమెరికా చేతిలో ఉన్న పనామా కాలువను వదులుకోకూడదన్న మాటను ఆయన గట్టిగా పట్టుకున్నారు. ఫలితం: రీగన్‌కు 52 శాతం, ఫోర్డ్‌కు 46. మే 1న టెక్సస్‌ను ఊడ్చేశారు.

అయినా చివరికి గెలవలేదు. ఆగస్టులో అభ్యర్థిని ఖరారు చేసే కాన్సస్ సిటీ పార్టీ మహాసభలో ఫోర్డ్‌కు 1,187 మంది ప్రతినిధుల ఓట్లు, రీగన్‌కు 1,070. కానీ సోవియట్‌తో సర్దుబాటు విధానాన్ని తప్పుబట్టే ‘విదేశాంగ నీతిలో నైతికత’ తీర్మానాన్ని ఆయన వర్గం పార్టీ ప్రణాళికలో పెట్టించింది. సొంత ప్రెసిడెంట్ విధానాన్నే పార్టీ కాదనేలా చేయడం చిన్న పనా? నా దృష్టిలో ప్రారబ్ధార్థం అదీ. మార్చిలోనే ఇంటికెళ్లిపోయి ఉంటే అది జరిగేది కాదు, 1980లో మళ్లీ పోటీ చేసినప్పుడు ఆయన వెనక అంత బలగమూ ఉండేది కాదు.

ఇంకొకరి కామెంట్: మరి ఆ గొడవ వల్లే నవంబర్ ఎన్నికల్లో ఫోర్డ్ డెమొక్రాట్ కార్టర్ చేతిలో ఓడారంటారు కదా సార్? పైగా 2008 రిపబ్లికన్ ప్రైమరీల్లో రామ్నీ ఫిబ్రవరిలోనే తప్పుకున్నారు. పద్యం ప్రకారం ఆయన ‘ఆరంభించి పరిత్యజించు’ మధ్యముడేనా?

జవాబు: మొదటిదానికి: నష్టం జరిగిందనే నేనూ అనుకుంటాను. కానీ వాటర్‌గేట్ కుంభకోణం, దాని వల్ల గద్దె దిగిన నిక్సన్‌కు ఇచ్చిన క్షమాభిక్ష, ధరల పెరుగుదల, ఇవన్నీ ఫోర్డ్ నెత్తిన అప్పటికే ఉన్నాయి. ఓటమి మొత్తాన్ని రీగన్ ఖాతాలో రాయడం అన్యాయం.

రామ్నీ సంగతి మీరు బాగా పట్టుకున్నారు. నేను ఇంకా ఉంటే పార్టీ జాతీయ ప్రచారం ఆలస్యమవుతుంది, డెమొక్రాట్లకు గెలుపు సులువవుతుంది అని చెప్పి తప్పుకున్నారాయన. అదే పోటీలో ఉన్న హకబీ మాత్రం ప్రతినిధుల లెక్కలు కుదరకపోయినా, తను చదివింది గణితం కాదు, అద్భుతాలు అంటూ మార్చి 4న ముందున్న మెకెయిన్‌కు ప్రతినిధుల మెజారిటీ వచ్చేదాకా నిలబడ్డారు. 2012లో అభ్యర్థి అయ్యింది మాత్రం రామ్నీ. ‘విఘ్నాయత్తులై’ అంటే అడ్డంకులకు లొంగిపోయినవాళ్లని. రామ్నీ లొంగిపోయి విడిచిపెట్టారని నేననను. పార్టీని గెలిపించడమూ ఆయన పూనుకున్న పనిలో భాగమే, ఆ పని కోసమే పోటీ వదిలారు. హకబీనీ తప్పుపట్టను. తన వెనకున్న చర్చి ఓటర్లకు ఒక గొంతు ఉండాలని ఉన్నంతకాలం ఉన్నారు, సంఖ్య తేలిన రాత్రే తప్పుకున్నారు.

నా మాట అడిగితే, ఓటు వేయాల్సిన రాష్ట్రాలు మిగిలి ఉండి, ఎదుటి అభ్యర్థి చెప్పని మాట ఒక్కటైనా తన దగ్గర ఉంటే ఉండాలి. అప్పు తీర్చుకోవడానికో, పదవి బేరానికో ఉండేవాళ్లకు మాత్రం దయచేసి ఈ పద్యం చెప్పకండి.